పళ్ల క్లిప్పులకు తగిలించే రబ్బర్లు తెగకపోయినా ఎందుకు మార్చాలి?

అపోహ: రబ్బరు తెగేదాకా పనిచేస్తూనే ఉంటుంది.

పళ్లకు క్లిప్పులు వేయించుకున్నవాళ్లు నాతో ఎక్కువగా అనే మాట, "తెగలేదు కదా డాక్టర్, అందుకే మార్చలేదు" అని. పొదుపు మంచిదే కానీ ఇక్కడ పనికిరాదు. పై కోరపన్ను నుంచి కింది దవడ పన్నుకు తగిలించిన లేటెక్స్ రబ్బరు ఒక్క రోజులోనే సుమారు నాలుగో వంతు బలం కోల్పోతుంది. కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. ప్యాకెట్ మీద 4.5 ఔన్సులు అని ఉంటే, రబ్బరును దాని లోపలి వ్యాసానికి మూడు రెట్లు సాగదీస్తే వచ్చే లాగుడు అది, అంటే దాదాపు 128 గ్రాములు. ఆ లెక్క కొత్త రబ్బరుకే. నోట్లో ఉమ్మి, వేడి, మాట్లాడినా ఆవులించినా సాగడం, ఇవన్నీ కలిసి దాన్ని నీరసింపజేస్తాయి. కంటికి మాత్రం తేడా తెలియదు.

అపోహ: అయితే గంటకోసారి మారిస్తే ఇంకా మంచిది.

అక్కర్లేదు. తగ్గే బలంలో ఎక్కువ భాగం మొదటి ఒకటి రెండు గంటల్లోనే పోతుంది, ఆ తర్వాత తగ్గడం బాగా నెమ్మదిస్తుంది. పన్ను కదలడానికి మాకు కావలసింది ఆ నిలకడైన లాగుడే. మొదట్లో పోయేది లెక్కలో వేసుకునే సైజు ఎంచుకుంటాం. రోజుకు ఒకసారా, రెండుసార్లా అన్నది మీ డాక్టర్ చెప్పినట్టు చేయండి.

అపోహ: నిన్న పెట్టుకోలేదు, ఇవాళ రెండు పెడితే సరి.

దయచేసి వద్దు. లాగుడు రెట్టింపైతే పన్ను రెట్టింపు వేగంతో రాదు. నొప్పి పెరుగుతుంది, ఆధారంగా వాడుకుంటున్న దవడ పన్ను ఒరిగిపోవచ్చు. చాలామందికి రోజుకు 20 గంటలకు పైగా పెట్టుకోమని చెబుతాం. రాత్రి మాత్రమే పెట్టుకుంటే, రాత్రి కదిలిన పన్ను పగలు వెనక్కి జారుతుంది.

అపోహ: పవర్ చైన్ (క్లిప్పులను వరసగా కలిపే రబ్బరు గొలుసు) నెలకోసారేగా మారుస్తారు, దాని బలం తగ్గదన్నమాట.

నిజానికి అది ఇంకా ఎక్కువ తగ్గుతుంది. చాలా చైన్లు మొదటి రోజే దాదాపు సగం బలం పోగొట్టుకుంటాయి. మిగిలినది వారాల తరబడి చిన్నగా లాగుతూ ఉంటుంది. పైగా దాన్ని మీరు తీసేయలేరు, మాకు అదో నిశ్చింత.

లేటెక్స్ పడనివాళ్లకు లేటెక్స్ లేని రబ్బర్లు ఉన్నాయి. సాధారణంగా వాటి బలం ఇంకా త్వరగా తగ్గుతుంది కాబట్టి మార్చడంలో అశ్రద్ధ అసలు పనికిరాదు. ఇక ప్యాకెట్‌ను బైక్ డిక్కీలో, ఎండ పడే కిటికీలో పెట్టకండి, రబ్బరు పెళుసెక్కుతుంది.