లిథియం మాత్ర, డెల్టా ఎండలు

దాళ్వా కోతలు పూర్తయ్యేసరికి గోదావరి డెల్టాలో ఎండ ముదురుతుంది. గాలిలో తేమ, ఒళ్లంతా చెమట. అందరూ వడదెబ్బకు జాగ్రత్త పడతారు. బైపోలార్ జబ్బుకు, అంటే ఉన్మాదం, కుంగుబాటు మారిమారి వచ్చే మానసిక జబ్బుకు, లిథియం వాడేవాళ్ల ఇళ్లలో ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి.

లిథియం, ఉప్పులోని సోడియం ఒకే కుటుంబానికి చెందిన మూలకాలు. కిడ్నీలు రెండింటినీ దాదాపు ఒకేలా చూస్తాయి. చెమటతోనో విరేచనాలతోనో ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే సోడియాన్ని బయటికి పోనివ్వవు. దాంతోపాటు లిథియమూ ఒంట్లోనే ఉండిపోతుంది. మాత్ర అదే, రక్తంలో మోతాదు మాత్రం పెరుగుతుంది. సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండాలి. 1.5 దాటితే ప్రమాదం.

లిథియం వాడుతూ అమలాపురం వైపు కొబ్బరి దింపుకెళ్లే మనిషినే తీసుకోండి. పగలంతా చెమటోడుస్తాడు. సాయంత్రం నడుం పట్టేస్తే మందుల షాపులో డైక్లోఫెనాక్ అడిగి వేసుకుంటాడు. లిథియం బయటికి పోకుండా ఆ నొప్పిమాత్ర కూడా అడ్డుపడుతుంది. బీపీ అని ఉప్పు ఒక్కసారిగా మానేస్తే మరీ ఇబ్బంది. లిథియం మోతాదు మించితే చేతులు బాగా వణుకుతాయి, వాంతులవుతాయి, మాట ముద్దగా వస్తుంది, నడక తూలుతుంది. చూసినవాళ్లు తాగాడనుకుని వదిలేస్తారేమోనని నా భయం.

మరి ఈ మందు ఎందుకు? 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ 10 మంది ఉన్మాద రోగులకు లిథియం ఇచ్చి ఫలితాలు ప్రచురించాడు. వాళ్లలో మొదటివాడు ఏళ్ల తరబడి తగ్గని ఉన్మాదం నుంచి తేరుకుని ఇంటికెళ్లాడు, పనిలో చేరాడు. మందు మానేయగానే జబ్బు తిరగబెట్టింది. మళ్లీ మొదలుపెట్టాక, 1950లో, ఒంట్లో లిథియం ఎక్కువై, అదే విషమై చనిపోయాడు. రక్తంలో మోతాదు చూసి మందివ్వడం అప్పటికింకా మొదలవలేదు. ఈ రోజు ఆ పరీక్ష ఉంది. ఆత్మహత్యలను తగ్గించడంలో దీనికున్నంత ఆధారం మరే మూడ్ మందుకూ లేదు.

పరిశోధన ఇంకా సాగుతోంది. 2015లో అమెరికాలోని సాల్క్ సంస్థ శాస్త్రవేత్తలు బైపోలార్ రోగుల చర్మకణాలను మూలకణాలుగా మార్చి, వాటి నుంచి నాడీకణాలు పెంచారు. అవి మామూలు కంటే ఎక్కువగా స్పందించాయి. లిథియం ఎవరికి పనిచేసిందో వాళ్ల కణాలే ఆ మందుకు నెమ్మదించాయి. మందు ఎవరికి పడుతుందో ముందే చెప్పగలిగే రోజు రావచ్చని నాకు గట్టి ఆశ.

అప్పటిదాకా ఎండాకాలంలో నీళ్లు బాగా తాగాలి, ఉప్పు ఎప్పటిలాగే తినాలి. నొప్పికి పారాసెటమాల్ అయితే నయం, అదీ డాక్టర్‌ని అడిగి. పైన చెప్పిన లక్షణాలు కనిపిస్తే మాత్ర ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మామూలు రోజుల్లో సొంతంగా మానకూడదు. రక్తపరీక్షకు మాత్రం రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్లాలి.