ఆర్కిటెక్ట్ అంటే ఎవరు? రిజిస్ట్రేషన్ గురించి అపోహలు - వాస్తవాలు

ఇల్లు కట్టించుకుందామని మా ఆఫీసుకి వచ్చేవాళ్లు ఎస్‌ఎఫ్‌టీకి ఎంత పడుతుంది, వాస్తు చూస్తారా, పర్మిషన్ ఎన్ని రోజుల్లో వస్తుంది అని అడుగుతారు. మీ రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత అని అడిగేవాళ్లు మాత్రం చాలా అరుదు. మొహమాటపడకుండా అడగండి. ఈ విషయంలో ఇళ్లు కట్టించుకునేవాళ్లకే కాదు, మా దగ్గరికి ట్రైనింగ్‌కి వచ్చే బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) పిల్లలకి కూడా చాలా అపోహలున్నాయి.

అపోహ: బీఆర్క్ పాసైతే ఆర్కిటెక్ట్ అయిపోయినట్టే.

కాదు. ఐదేళ్ల డిగ్రీ అయ్యాక కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం కింద ఏర్పడిన సంస్థ అది. అప్పుడు సీఏ అనే అక్షరాలు, నమోదైన సంవత్సరం, వరుస సంఖ్య కలిపి ఒక నంబర్ ఇస్తారు. మీ ప్లాన్ షీట్ తీసి కుడివైపు కింది మూల చూడండి. ప్రాజెక్టు పేరు, స్కేలు, తేదీ ఉండే ఆ గళ్లలోనే ఆర్కిటెక్ట్ పేరు, సంతకం, ఈ నంబర్ ఉండాలి. వట్టి 'డిజైనర్' అనో 'కన్సల్టెంట్' అనో స్టాంపు ఉంటే ఆ గీసినాయన ఎవరో కనుక్కోండి. నంబర్ ఉంది కదా అని కూడా వదిలేయొద్దు, రెన్యువల్ ఫీజు కట్టకపోతే రిజిస్టర్ నుంచి పేరు తీసేస్తారు, మళ్లీ కట్టి ఎక్కించుకోవాల్సిందే. ప్రస్తుతం పేరు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్‌లో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

అపోహ: నాటా రాస్తే లైసెన్స్ వచ్చినట్టే.

నాటా కేవలం బీఆర్క్ ప్రవేశ పరీక్ష, 2006 నుంచి జరుగుతోంది. జేఈఈ మెయిన్ పేపర్ 2 ఇంకో దారి. మన దేశంలో డిగ్రీ తర్వాత వేరే లైసెన్స్ పరీక్ష లేదు. అమెరికా వెళ్లిన మన పిల్లలు ఇక్కడే తికమకపడతారు, ఎందుకంటే అక్కడ ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే లైసెన్స్ ఇస్తుంది, ఆరు భాగాల ఏఆర్‌ఈ పరీక్ష పాసవ్వాలి, పని అనుభవం గంటల లెక్కన చూపించాలి. ఇక్కడి సీఏ నంబర్ ఉన్నంత మాత్రాన అక్కడ ఆర్కిటెక్ట్‌నని బోర్డు పెట్టుకోలేరు. డిగ్రీ కాగానే నంబర్ ఇచ్చేసే మన పద్ధతి నాకు నచ్చదు. పునాది ఫుటింగ్‌కి కాంక్రీట్ పోస్తుంటే పక్కన నిలబడి చూడని వాళ్లకి కూడా సంతకం పెట్టే హక్కు వచ్చేస్తోంది.

అపోహ: ఆర్కిటెక్ట్ కాని వాళ్లు డిజైన్ చేయడం నేరం.

మా వాళ్లలోనే చాలామంది ఇలా నమ్ముతారు. చట్టంలోని 37వ సెక్షన్ కాపాడేది 'ఆర్కిటెక్ట్' అనే పేరుని. నమోదు కానివాళ్లు ఆ పేరు పెట్టుకోకూడదు, అంతే. ఢిల్లీ పక్కనున్న నోయిడా అభివృద్ధి సంస్థలో ఒక ఉద్యోగం పేరు మీద నడిచిన కేసులో 2020 మార్చిలో సుప్రీంకోర్టు ఇదే తేల్చి చెప్పింది. నమోదు లేనివాళ్లు డిజైన్ పని చేయడాన్ని ఈ చట్టం ఆపదు, ఆర్కిటెక్ట్ అని చెప్పుకోవడాన్నే ఆపుతుంది. ఆ పేరు వాడుకుంటే మొదటిసారి జరిమానా 500 రూపాయల దాకా, మళ్లీ చేస్తే ఆరు నెలల వరకు జైలు లేదా 1,000 రూపాయల వరకు జరిమానా లేదా రెండూ. 1972 నాటి 500 రూపాయలకి ఈ రోజుల్లో ఎవరు భయపడతారు? అందుకే కాగితం మీద నంబర్ చూసుకునే బాధ్యత చివరికి మీ మీదే పడుతోంది.

మున్సిపాలిటీలో ప్లాన్ పెట్టే ఎల్‌టీపీ అంటే ఆర్కిటెక్టే అనుకోవడం కూడా పొరపాటే. ఎల్‌టీపీ అంటే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్, స్థానిక సంస్థ లెక్కలో ఉన్న మనిషి. ఆయన ఇంజనీర్ కావచ్చు, డిప్లొమా చేసినాయన కావచ్చు. అందులో తప్పేమీ లేదు, కాకపోతే ఇంటి డిజైన్ ఎవరు చేశారు, ఫైల్ ఎవరు పెట్టారు అన్నవి రెండు వేరే ప్రశ్నలు. ఒకరు గీసిన ప్లాన్ మీద, సైట్ మొహం కూడా చూడని ఇంకొకరు డబ్బులు తీసుకుని సంతకం పెట్టడం ఈ వృత్తిని లోపల్నుంచి తినేస్తోంది. రేపు శ్లాబు దగ్గర ఏదైనా తేడా వస్తే ఆ సంతకం పెట్టినాయన ఫోన్ ఎత్తడు.

అపోహ: కౌన్సిల్ అంటే ఆర్కిటెక్టుల సంఘం, వాళ్లని వాళ్లే వెనకేసుకొస్తారు.

సంఘం వేరే ఉంది. అది ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆర్కిటెక్ట్స్, 1917లో బొంబాయిలో మొదలైంది, ఇష్టమున్నవాళ్లు చేరతారు. ఆ సభ్యత్వం రిజిస్ట్రేషన్ కాదు. కౌన్సిల్‌లో ఆ సంస్థ ఎన్నుకున్న ఐదుగురితో పాటు కాలేజీల అధిపతులు ఎన్నుకున్న ఐదుగురు, ఒక్కో రాష్ట్ర ప్రభుత్వం నామినేట్ చేసిన ఆర్కిటెక్ట్, సాంకేతిక విద్యని చూసే ఏఐసీటీఈ నుంచి, ఇంజనీర్ల సంస్థ నుంచి ఇద్దరేసి, ఇంకా కేంద్ర శాఖల అధికారులు ఉంటారు. అంటే అందరూ మా వాళ్లే కాదు.

1989 నుంచి వృత్తి నియమావళి కూడా ఉంది. ఒక క్లయింట్‌ని గానీ పనిని గానీ పరిచయం చేసినందుకు కమీషన్, బహుమతి, డిస్కౌంట్ ఇవ్వకూడదు, తీసుకోకూడదు. టైల్స్ షాపుకి పంపినందుకు షాపువాడు వెనకనుంచి ఇచ్చే పర్సంటేజీ నా లెక్కలో దీని కిందికే వస్తుంది, 'అందరూ తీసుకుంటున్నారు' అనేది జవాబు కాదు. ఆ డబ్బు చివరికి మీ బిల్లులోనే కలుస్తుంది. ఇంకో ఆర్కిటెక్ట్ చేతిలో ఉన్న పనిని లాక్కోకూడదు. మధ్యలో ఆర్కిటెక్ట్‌ని మార్చుకుంటే, కొత్తగా వచ్చినాయన పాతాయనకి తెలియజేయాలి. అందుకోసం పాతాయన గురించి అడిగితే 'ఈయనకి మా పాత గొడవలెందుకు' అని విసుక్కోకండి, ఆయన నియమం పాటిస్తున్నాడు.

నియమం తప్పినట్టు తేలితే కౌన్సిల్ మందలించొచ్చు, కొంతకాలం సస్పెండ్ చేయొచ్చు, రిజిస్టర్‌లోంచి పేరే తీసేయొచ్చు. ఫిర్యాదు క్లయింట్ కూడా చేయొచ్చు. అయితే విచారణలో నోటిమాట నిలబడదు. కాబట్టి ఫీజు ఎంత, ఏ దశలో ఎంత, సైట్‌కి ఎన్నిసార్లు వస్తారు, డ్రాయింగులు ఏమేం ఇస్తారు అన్నవి పని మొదలయ్యే ముందే కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఫీజు నగదుగా ఇచ్చినా రసీదు తీసుకోండి, వాట్సాప్‌లో వచ్చిన డ్రాయింగులు కూడా డిలీట్ చేయొద్దు.