నాన్న నుంచి వచ్చిన ధమని గోడ

టంగుటూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు: “నడుము నొప్పి అంటూనే నాన్న కుప్పకూలారు. పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బి పగిలిందన్నారు. పెదనాన్నా అలాగే పోయారు. ఇద్దరూ చుట్ట తాగేవారు. ఇంటికి దోషముంది, శాంతి చేయించమంటున్నారు. నాకు యాభై దాటాయి. నాకూ వస్తుందా?”

శాంతి సంగతి మీ ఇష్టం. పొట్ట స్కాన్ (అల్ట్రాసౌండ్) మాత్రం చేయించుకోండి.

పాత సైకిల్ ట్యూబుకు గాలి కొడుతుంటే ఒకచోట ఉబ్బుతుంది. లోపలంతా ఒత్తిడి ఒకటే, అయినా ఉబ్బినచోటే ఇంకా ఉబ్బుతుంది. గోడ మీద లాగుడు ఒత్తిడితో పాటు వ్యాసార్థాన్ని బట్టి కూడా పెరుగుతుంది మరి! ఇదే లాప్లాస్ సూత్రం. ఇంటర్‌లో మార్కుల కోసం బట్టీ పట్టి వదిలేస్తాం.

పొట్టలోని ఆ పెద్ద రక్తనాళం బృహద్ధమని (అయోర్టా). దాని వ్యాసార్థం సుమారు 1 సెం.మీ. అది 2.75కు పెరిగితే, బీపీ అదే ఉన్నా లాగుడు 2.75 రెట్లు. సాగిన గోడ సగానికి పలచబడిందనుకుంటే, గోడలో ప్రతి చదరపు మిల్లీమీటరు మోసే బరువు 5.5 రెట్లు! ఉబ్బేకొద్దీ లాగుడు, లాగేకొద్దీ ఉబ్బు. 1948లో శాస్త్రవేత్త ఐన్‌స్టీన్‌కు ఇలాగే వచ్చిన ఉబ్బు చుట్టూ సర్జన్ రుడాల్ఫ్ నిస్సెన్ సెల్లోఫేన్ చుట్టారు, గోడ మందం కట్టాలని. చివరికి 1955లో అది పగిలే ఆయన పోయారు.

మీకు వంశం నుంచి వచ్చేది ట్యూబు రబ్బరు, అంటే ధమని గోడ. దాన్ని సాగనిచ్చి మళ్లీ ముడిచేది ఎలాస్టిన్ అనే ప్రొటీన్. శరీరం దాన్ని దాదాపుగా చిన్నతనంలోనే తయారుచేసుకుంటుంది, తర్వాత తెగితే మళ్లీ సరిగా అల్లుకోదు. మూత్రపిండాల కిందిభాగంలో ధమని గోడలోని ఎలాస్టిన్ పొరలు ఛాతీలోకన్నా తక్కువ, ఉబ్బు ఎక్కువగా వచ్చేదీ అక్కడే. చాలామందిలో దీనికి ఒక్క జన్యువే కారణం కాదు, ఎన్నో కలిసి గోడను బలహీనపరుస్తాయి. తల్లిదండ్రుల్లో, తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే మిగతావారికి ముప్పు సుమారు రెట్టింపు.

అయితే మీ ఇంట్లో జన్యువులతోపాటు చుట్ట కూడా తరం నుంచి తరానికి దిగినట్టుంది. పొగ ఎలాస్టిన్‌ను తెంచే ఎంజైములను ఎగదోస్తుంది. ఈ జబ్బుకు మన చేతిలో ఉన్న కారణాల్లో అదే పెద్దది. మీది పొగాకు పండే ప్రాంతం, పండించుకోండి, తాగకండి. చిత్రంగా, షుగరున్నవాళ్లలో ఈ ఉబ్బు తక్కువ.

వ్యాసం 3 సెం.మీ. చేరితే ఉబ్బు కింద లెక్క. మగవాళ్లలో 5.5, ఆడవాళ్లలో 5 దగ్గర ఆపరేషన్ మాట వస్తుంది. అంతకు లోపైతే కొలుస్తూ ఉంటారు. మీ తోబుట్టువులనూ తీసుకెళ్లండి. మామూలు పొట్ట స్కాన్ రిపోర్టులో లివర్, కిడ్నీలు రాసి దీన్ని వదిలేయొచ్చు, అందుకే “అయోర్టా కొలత కూడా రాయండి” అని ముందే చెప్పండి. పరగడుపున వెళ్తే గ్యాస్ అడ్డు తగ్గి ధమని బాగా కనిపిస్తుంది.