అప్పు తీర్చింది సరే, ఏ గింజలతో?

పిల్లలూ,

దేవరకొండలో పదో తరగతి చదువుతున్న మా తమ్ముడి మనుమరాలు మొన్న ఫోన్ చేసింది. "తాతా, మా డాడీ ఒక ఇన్సూరెన్స్ కంపెనీ షేర్లు కొన్నాడు. ఆ కంపెనీ ఈ ఏడాది 500 కోట్ల అప్పు తీర్చేసిందట. డాడీ ఒకటే సంతోషం. నాకేమో 500 కోట్లు చేతిలోంచి పోయినయి కదా అని టెన్షన్. మా ఇద్దరిలో ఎవరిది కరెక్టు?" అని అడిగింది. పెద్దవాళ్లు కూడా అడగని ప్రశ్న ఇది. అందుకే జవాబు తనొక్కదానికే కాకుండా మీ అందరికీ రాస్తున్నాను.

మీరు గరిసె చూసి ఉండరు. వెదురు బద్దలతో మనిషెత్తు బుట్ట అల్లి, లోపలా బయటా పేడ, ఎర్రమట్టి కలిపి మెత్తేవారు. అందులో జొన్నలు పోసి, పైన వేపాకు పరిచి మూసేవారు. దేవరకొండ వైపు మావన్నీ వానను నమ్ముకున్న చెలకలు. జొన్న, సజ్జ, కంది, ఆముదం తప్ప వేరే పంట లేదు. ఏడాదికి సరిపడా తిండి ఆ గరిసెలోనే ఉండాలి.

ఇప్పుడు ఇట్లా అనుకోండి. ఊరంతా నమ్మే ఒక రైతు ఉన్నాడు. పంట రాగానే ఇంటింటివాళ్లూ కుంచెడు జొన్నలు తెచ్చి ఆయన గరిసెలో పోస్తారు. ఎవరి ఎద్దు చచ్చినా, ఎవరి గుడిసె కాలినా ఆయన అందులోంచి వాళ్లకు పుట్టెడు కొలిచి ఇవ్వాలి. అదీ ఒప్పందం. కుంచెడు పోయడం ప్రీమియం, పుట్టెడు ఇవ్వడం క్లెయిమ్. గరిసెలో గింజలు ఊరికే పడి ఉండకుండా ఆయన వాటిని నమ్మకస్తులకు నాగుకు ఇస్తాడు. విత్తనాలప్పుడు కుంచెడు తీసుకున్నవాడు కల్లం మీద కుంచెడున్నర కొలవాలి. ఆ పెరిగిన గింజలే ఇన్సూరెన్స్ కంపెనీకి పెట్టుబడుల మీద వచ్చే ఆదాయం.

అదే గరిసెలో ఆయన సొంత చెలకలో పండిన జొన్నలూ ఉన్నాయి. అవి చాలక ఒక సావుకారి దగ్గర ఆయనే నాగుకు తెచ్చి పోసుకున్నవీ ఉన్నాయి. ఊరివాళ్లవి, ఆయనవి, సావుకారివి అన్నీ కలిసిపోయి ఉన్నాయి. మూత తీసి చూస్తే అన్నీ జొన్నలే.

మా ఇంటి గరిసెలో అడుగున ఒక మూట ఉండేది. బిడ్డ పెళ్లికని మా మేనత్త దాచుకున్న జొన్నలు అవి. గరిసె అడుగంటినప్పుడు చిన్నవాణ్ణని నన్నే లోపలికి దింపేవారు. లోపల చీకటి, వెచ్చదనం, ఎండిన వేపాకు వాసన. నేను మానెడు మానెడు తోడి పైకి అందించేవాణ్ణి. ఒక ఏడు వానలు పడక మా ఇంట్లో జొన్న గటక కూడా పూటకే వచ్చింది. అయినా ఆ మూట ముడి విప్పనియ్యలేదు అమ్మ. ఒకరి గింజ మన గరిసెలో ఉన్నంత మాత్రాన మనది కాదు. ఇన్సూరెన్స్ వ్యాపారానికి ప్రాణం ఇదే, మీరు పెద్దయ్యాక ఏ వ్యాపారం చేసినా ఇది మరవకండి.

సరే, లెక్కకు వద్దాం. ఒక కంపెనీ దగ్గర మొత్తం 10,000 కోట్లు ఉన్నాయనుకోండి. అందులో 8,000 కోట్లు పాలసీదారులకు ఎప్పటికైనా ఇవ్వాల్సినవి. 500 కోట్లు అప్పు. మిగిలిన 1,500 కోట్లే వాటాదారులవి, అంటే మీ డాడీలాంటి వాళ్లవి. ఇప్పుడు ఆ 500 కోట్ల అప్పు తీర్చేశారు. దగ్గరున్నది 9,500 అయింది. పాలసీదారులవి 8,000 తీసేస్తే వాటాదారులకు మిగిలింది అదే 1,500. పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. తెచ్చిన అప్పు మొత్తాన్ని తిరిగి ఇచ్చేయడం ఖర్చు కాదు బిడ్డా, లాభంలోంచి ఒక్క రూపాయి కూడా తగ్గించదు. ఖర్చు కింద పడేది వడ్డీ ఒక్కటే.

ఇక నుంచి ఆ వడ్డీ మిగులుతుంది కదా అంటారు మీ డాడీ. నిజమే. నూటికి 8 చొప్పున ఏడాదికి 40 కోట్లు మిగులుతుంది. కానీ ఆ 500 కోట్లు ఇన్నాళ్లూ ఎక్కడో పెట్టుబడిగా ఉండి నూటికి 7 సంపాదిస్తూ ఉండి ఉంటే, ఆ 35 కోట్లు కూడా ఇక రావు. చేతికి నికరంగా మిగిలేది 5 కోట్లే. చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు.

ఇంకో సంగతి ఉంది, ఇది నాకు చాలా ఇష్టమైనది. అప్పు తీరిస్తే ఇన్సూరెన్స్ కంపెనీ బలం కాగితం మీద తగ్గవచ్చు! ఇటువంటి కంపెనీలు తెచ్చేది ఎక్కువగా సబార్డినేటెడ్ డెట్ అనే రకం అప్పు. కంపెనీ దెబ్బతింటే పాలసీదారులకు ఇచ్చిన తర్వాతే ఆ అప్పిచ్చినవారి వంతు వస్తుంది. అందుకని సాల్వెన్సీ లెక్కలో, అంటే ఇవ్వాల్సినవి పోను కంపెనీ దగ్గర మిగిలేది ఉండాల్సిన కనీస మొత్తానికి ఎంత శాతమో చూసే లెక్కలో, దాన్ని కూడా కంపెనీ బలంగానే కలుపుతారు. తీర్చే గడువు దగ్గరపడ్డకొద్దీ అట్లా కలిపేది తగ్గుతూ వస్తుంది. ఈ లెక్కలు చూసేది ఐఆర్‌డీఏఐ, అంటే మన దేశంలో బీమా కంపెనీలను అదుపులో ఉంచే సంస్థ. దాని ఆఫీసు మన హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో ఉంది. సాల్వెన్సీ 150 శాతానికి తగ్గకూడదని వాళ్ల కట్టడి. మన కంపెనీకి ఉండాల్సిన కనీస మొత్తం 1,000 కోట్లు అనుకుందాం. సొంతం 1,500కు అప్పు 500 కూడా కలిపి చూసినప్పుడు 200 శాతం. అప్పు తీరిన మర్నాడు సరిగ్గా 150. గీత మీద నిలబడింది. ఇక కొత్త పాలసీలు అమ్మాలన్నా, వాటాదారులకు డివిడెండ్ పంచాలన్నా ఆచితూచి అడుగు వేయాలి.

అందుకే "ఎంత తీర్చింది" అని అడిగితే చాలదు, ఏ గింజలతో తీర్చిందో అడగాలి.

మన రైతు తన చెలకలో పండినవి కొలిచి సావుకారికి ఇచ్చాడా, శభాష్. మీ డాడీ సంతోషానికి అర్థం ఉంది. ఇంకో సావుకారి దగ్గర తెచ్చి ఈ సావుకారికి ఇచ్చాడా, అప్పు తీరలేదు, చేతులు మారింది. నేను సహకార సంఘంలో పద్దులు రాసినవాణ్ణి. మార్చి నెలలో పాత పంట అప్పు తీరినట్టు ఒక పద్దు, కొత్త అప్పు ఇచ్చినట్టు ఇంకో పద్దు పక్కపక్కనే రాసేవాళ్లం. మొదటి పద్దు ఒక్కటే చదివినవాడికి ఊరంతా అప్పులు తీర్చినట్టే కనబడుతుంది. పెద్ద కంపెనీలూ పాత బాండ్లు, అంటే అప్పు పత్రాలు, తీర్చడానికి కొత్త బాండ్లు అమ్ముతుంటాయి. అది తప్పు కాదు, కొత్త వడ్డీ తక్కువైతే లాభమే. కానీ రెండు పద్దులూ చదవాలి. ఊరివాళ్ల గింజల్లోంచి ఇచ్చే వీలైతే కంపెనీలకు లేదు. పాలసీదారుల ఖాతా వేరు, వాటాదారుల ఖాతా వేరుగా రాయాలని నిబంధన. మా అమ్మ ముడి విప్పనియ్యని మూట లాగే.

ఇంకొక దారి ఉంది, అరకకు కట్టే ఎడ్లను అమ్మి అప్పు తీర్చడం. అమెరికాలో ఏఐజీ అనే పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీ 2008 సెప్టెంబరులో మునగబోయింది. పాలసీల క్లెయిములతో కాదు, ఇతరుల అప్పులకు హామీలు రాసి ఆ పూచీలతో మునగబోయింది. వాళ్ల ఫెడరల్ రిజర్వు, అంటే మన రిజర్వు బ్యాంకు లాంటిది, ముందు 8,500 కోట్ల డాలర్లు అప్పుగా ఇస్తానంది. చివరికి ప్రభుత్వం మాట ఇచ్చిన మొత్తం సాయం 18,200 కోట్ల డాలర్ల దాకా పోయింది. 2012 ఆఖరుకల్లా ఆ సాయమంతా తీరిపోయింది, ప్రభుత్వానికి లాభం కూడా వచ్చింది. వినడానికి ఎంత బాగుంది! కానీ అది తీర్చడానికి ఆసియాలో చక్కగా నడుస్తున్న ఏఐఏ అనే తన బీమా కంపెనీని షేర్ మార్కెట్‌లో పెట్టి అమ్ముకుంది. ఆలికో అనే ఇంకో మంచి కంపెనీని మెట్‌లైఫ్ అనే వేరే బీమా కంపెనీకి అమ్మింది. ఒక దశలో ఏఐజీలో పదింట తొమ్మిది వంతులకు పైగా ప్రభుత్వం చేతిలోనే ఉంది. పాత వాటాదారులకు మిగిలింది పిడికెడు. అప్పు పూర్తిగా తీరింది, కల్లం మాత్రం ఖాళీ. నేను ఈ కథ ఎన్నిసార్లు తలుచుకున్నా ఆశ్చర్యంగానే ఉంటుంది.

మీ డాడీ కొన్న కంపెనీ ఏ దారిన తీర్చిందో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను బిడ్డా. అది నువ్వే చూడాలి, కష్టమేమీ కాదు. ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో పబ్లిక్ డిస్‌క్లోజర్స్ అని ఉంటుంది, మూడు నెలలకోసారి కొత్తవి పెడతారు. జీవిత బీమా కంపెనీ అయితే ఎల్-11 పట్టీలో అప్పులు, ఎల్-32లో సాల్వెన్సీ ఉంటాయి. పోయినేటివి, ఈ ఏటివి పక్కపక్కన పెట్టుకో. తర్వాత వార్షిక నివేదికలో రిసీట్స్ అండ్ పేమెంట్స్ అకౌంట్ తియ్యి. అప్పు తీర్చిన వరుస ఎక్కడుందో దాని చుట్టుపక్కలే కొత్తగా అప్పు తెచ్చిన వరుస ఉందేమో వేలు పెట్టి వెతుకు. మీ డాడీని కూడా పక్కన కూర్చోబెట్టుకో. దొరికిన అంకెలు కాగితం మీద రాసి నాకు పంపు. కొత్త అప్పు ఉంటే దాని వడ్డీ ఎంతో, పాతదాని వడ్డీ ఎంతో రెండూ రాయి.

మీ తాత