మబ్బు కాదు, మెరుపు

కావలి పక్కన మా పల్లెలో తాత సాయంత్రం వార్తల కోసం విజయవాడ స్టేషన్ పెట్టేవాడు. ఆకాశం నల్లబడి రేడియో గరగరలాడితే "మబ్బు అడ్డమొచ్చిందిరా" అనేవాడు. ఊళ్లో అందరిదీ అదే నమ్మకం. కానీ ఆ స్టేషన్ మోసుకొచ్చే మీడియం వేవ్ రేడియో తరంగాలకు మబ్బు అడ్డం కాదు.

విజయవాడ 837 కిలోహెర్ట్జ్ మీద వస్తుంది. ఆ తరంగం పొడవు సుమారు 358 మీటర్లు. వాన చినుకేమో కొన్ని మిల్లీమీటర్లు! అంత పెద్ద అల ముందు చినుకు లెక్కలోకే రాదు. డిష్ టీవీ సంగతి వేరు. దాని తరంగం రెండున్నర సెంటీమీటర్లే, అందుకే జోరువానకు బొమ్మ ఆగిపోతుంది.

మరి ఆ గరగర? అది మెరుపు. వేల ఆంపియర్ల కరెంటు రెప్పపాటు కూడా లేకుండా పారినప్పుడు, మెరుపే ఒక ట్రాన్స్‌మిటర్ అవుతుంది. మీడియం వేవ్ స్టేషన్లు వాడే ఏఎం పద్ధతిలో మాటంతా తరంగం బలం హెచ్చుతగ్గుల్లోనే ఉంటుంది కాబట్టి, మెరుపు తెచ్చిన అదనపు బలాన్నీ రేడియో శబ్దంగానే వినిపిస్తుంది. ఉరుము ఇరవై కిలోమీటర్లు దాటితే చెవికి అందడం కష్టం. ఈ చిటపట మాత్రం వందల కిలోమీటర్ల నుంచి వస్తుంది. మా ఊరి మీద చుక్కలు మెరుస్తున్నా, సముద్రం మీద ఎక్కడో ఉరుముతున్న సంగతి రేడియో చెప్పేస్తుంది.

చీకటి పడ్డాక శ్రీలంక తమిళం కూడా తగిలేది. ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట! అది మబ్బులకు చాలా పైన జరిగే పని. పగలు ఎండకు 60 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తున ఎలక్ట్రాన్ల పొర ఒకటి ఏర్పడి, పైకి పోయే మీడియం వేవ్‌ను మింగేస్తుంది. పొద్దుగుంకగానే అది పలచబడి దాదాపు మాయమవుతుంది. అప్పుడు తరంగాలు ఇంకా పైపొరల దాకా వెళ్లి, వంగి, దూరాన దిగుతాయి. అదే దారిలో దూరపు మెరుపుల గోల కూడా దిగుతుంది. అందుకే ఉరుములు సద్దుమణిగిన ధనుర్మాసపు రాత్రులంటే నాకు అంత ఇష్టం. స్టేషన్లు తేటగా, ఒకదాని పక్కన ఒకటి దొరికేవి.

ఇంట్లో పాత ట్రాన్సిస్టర్ ఉంటే ఈసారి ఉరుముల వాన వచ్చినప్పుడు లోపలే కూర్చుని, ముల్లును ఏ స్టేషనూ లేని చోట పెట్టండి. చిటపటమన్న క్షణం నుంచి ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. తొమ్మిది లెక్కపెట్టారంటే ఆ మెరుపు మూడు కిలోమీటర్ల అవతలే మెరిసింది.