లెక్చరర్లపై ఆన్‌లైన్ వేధింపులు: అపోహలు - వాస్తవాలు

నేను విజయవాడ గవర్నర్‌పేటలో లాయర్‌ని. ఇక్కడా గుంటూరులోనూ కలిపి మూడు కాలేజీల అంతర్గత కమిటీల్లో, అంటే లైంగిక వేధింపుల ఫిర్యాదులు విచారించే కమిటీల్లో, బయటి సభ్యురాలిని కూడా. ఇదివరకు నా దగ్గరికొచ్చే లెక్చరర్లు జీతం బకాయిలు, సర్వీసు గొడవల కాగితాలు తెచ్చేవారు. ఇప్పుడు ఫోన్లు తెస్తున్నారు. కాలేజీ పేరుతో నడిచే మీమ్ పేజీలో వీడియో ముక్క, టెలిగ్రామ్‌లో మార్ఫింగ్ ఫొటో, చరిత్ర గురించో కులం గురించో నోరు విప్పినందుకు ఇన్‌బాక్స్ నిండా బూతులు. వాటితోపాటు అందరూ చెప్పగా విన్న కొన్ని నమ్మకాలు కూడా మోసుకొస్తారు. ఆ నమ్మకాల వల్ల జరుగుతున్న నష్టం చూసి ఇది రాస్తున్నాను.

అపోహ: పట్టించుకోకపోతే వాళ్లే ఊరుకుంటారు.

ఇంట్లోవాళ్లు, ప్రిన్సిపాల్, పక్క సీట్లో లెక్చరర్, అందరూ ముందు చెప్పే మాట ఇదే. మంచి మనసుతోనే చెబుతారు. కిందటి వేసవిలో గుంటూరు నుంచి ఒక ఇంగ్లిష్ లెక్చరర్ వచ్చారు. యాభై నిమిషాల క్లాసులోంచి పద్దెనిమిది సెకన్లు కత్తిరించి, పద్యానికి ఆవిడ చెప్పిన అర్థాన్ని ఇంకో రకంగా వినపడేలా చేసి పెట్టారు. వచ్చి కూర్చోగానే ఫోన్‌ని టేబుల్ మీద బోర్లించి, దాని మీద చెయ్యి అలాగే ఉంచారు. "రెండు వారాలు చూడలేదు మేడం. చూడకపోతే పోతుందన్నారు" అన్నారు. ఆ రెండు వారాల్లో వీడియో ఒక పేజీ నుంచి పదకొండు గ్రూపుల్లోకి వెళ్లింది. కింద ఎవరో ఆవిడ నంబర్ పెట్టారు. రాత్రి పదకొండు దాటాక ముక్కూమొహం తెలియనివాళ్ల ఫోన్లు మొదలయ్యాయి.

"బోర్డు వైపు తిరగలేకపోతున్నానండీ. వెనక ఎవరో ఫోన్ ఎత్తుతున్నట్టే ఉంటుంది. సగం ఒళ్లు పిల్లల వైపే ఉంచి పక్కగా రాస్తున్నా. అక్షరాలన్నీ వంకర పోతున్నాయి."

ఈ మాట నేను మర్చిపోలేదు. పరువు పోయిందని ఆవిడ ఒక్కసారి కూడా అనలేదు. చదువు చెప్పలేకపోతున్నానన్నదే ఆవిడ బాధంతా.

జవాబివ్వొద్దు అనడం వరకు సరైన సలహానే. చూడొద్దు, సాక్ష్యంగా భద్రపరచొద్దు అనడమే తప్పు. ఆవిడే రోజూ కూర్చుని ఆ బూతులు చదవాలని కాదు. నమ్మకమైన స్నేహితురాలో తమ్ముడో ఆ పని తీసుకుని, ఏ రోజు ఎక్కడ ఏం వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసిపెడితే చాలు. నా కేసుల్లో ఎక్కువ సాయపడింది ఆ నోటుబుక్కే.

అపోహ: అన్నీ డిలీట్ చేసి, బ్లాక్ చేసేస్తే సరి.

బ్లాక్ చేయండి, కానీ తర్వాత. ముందు స్క్రీన్‌షాట్. అందులో తేదీ, టైము, పెట్టినవాడి ఐడీ కనిపించాలి. దాంతోపాటు పోస్టు లింకు విడిగా కాపీ చేసి పెట్టుకోవాలి. లింకు లేని స్క్రీన్‌షాట్ తెస్తే దాన్ని ఎవరు పెట్టారో కంపెనీని అడగడం పోలీసులకు కష్టమవుతుంది. పేజీని పైనుంచి కిందకి జరుపుతూ స్క్రీన్ రికార్డింగ్ చేస్తే ఇంకా మంచిది. వాట్సాప్ అయితే చాట్ మొత్తాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకోండి. ఆ ఫోన్‌ని మాత్రం అమ్మకండి, రీసెట్ చేయకండి. కోర్టులో సాక్ష్యాల గురించి చెప్పే భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద డిజిటల్ సాక్ష్యంతో ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలికవుతుంది.

ఇంకో సంగతి. తీసేసిన పోస్టుల సమాచారాన్ని సోషల్ మీడియా కంపెనీలు దర్యాప్తు కోసం 180 రోజులు దాచి ఉంచాలని 2021 ఐటీ నిబంధనలు చెబుతున్నాయి. సెలవులయ్యాక చూద్దాం, వాల్యుయేషన్ అయ్యాక చూద్దాం అని ఆరు నెలలు గడిపేసి వచ్చినవాళ్లను చూశాను. వాళ్లకు చేయగలిగింది బాగా తగ్గిపోతుంది.

మార్ఫింగ్ చేసిన నగ్న చిత్రాలైతే స్టాప్‌ఎన్‌సీఐఐ అనే ఉచిత సేవ ఉంది. ఫొటో మీ ఫోన్ దాటి బయటికి పోదు. దాని డిజిటల్ వేలిముద్ర లాంటి కోడ్ ఒక్కటే వెళ్తుంది. దాని ఆధారంగా ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆ బొమ్మను పట్టుకుంటాయి. ఇది తెలియక, ఆ ఫొటోని మళ్లీ ఎవరికో పంపాల్సి వస్తుందని భయపడి ఆగిపోయేవాళ్లే ఎక్కువ.

అపోహ: 66ఏ సెక్షన్ కొట్టేశారు కాబట్టి ఆన్‌లైన్ తిట్లకు చట్టం లేదు.

ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజీలు పెట్టడాన్ని నేరంగా చూసిన ఐటీ చట్టం 66ఏను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసిన మాట నిజమే. అది మంచి తీర్పు అని నేనూ నమ్ముతాను. కానీ మిగతావన్నీ ఉన్నాయి. వద్దన్నా ఒక స్త్రీ వెంటపడి మెసేజీలు పెట్టడం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. స్త్రీ గౌరవాన్ని కించపరిచే మాటలు 79 కిందకి, బెదిరింపులు 351 కిందకి వస్తాయి. పేరు దాచి బెదిరిస్తే శిక్ష ఇంకా పెరుగుతుంది. లైంగిక చర్యలు చూపే బొమ్మలు, వీడియోలు పెడితే ఐటీ చట్టం 67ఏ కింద మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. తిట్టినవాడు ఏ ఊళ్లో ఉన్నా మీ దగ్గర్లోని స్టేషన్‌లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఇంటినుంచీ పెట్టొచ్చు. 1930 నంబర్ ముఖ్యంగా డబ్బు మోసాల కోసం పెట్టింది, దానికి చేసి కాలం పోగొట్టుకోకండి.

అపోహ: అయితే లెక్చరర్‌ని ఎవరు ఏమన్నా కేసు పెట్టొచ్చు.

పెట్టకూడదు. "ఈ సార్ పాఠం అర్థం కాదు", "మార్కులు అన్యాయంగా వేశారు" అని పిల్లలు రాస్తే అది విమర్శ. వాటి మీద కేసు పెట్టమని వచ్చిన యాజమాన్యాలను వెనక్కి పంపాను. నిజమైన వేధింపు కేసులు బలహీనపడేది ఇలాంటి వాటివల్లే.

అపోహ: ఇది ఆడవాళ్ల సమస్య.

ఆడవాళ్లకు వచ్చేదానిలో లైంగిక బూతులు ఎక్కువ, అది నిజం. కానీ మగ లెక్చరర్లు ఈ మాట వల్లే నోరు మూసుకుంటున్నారు. 2021లో నేచర్ అనే సైన్స్ పత్రిక కోవిడ్ గురించి బయట మాట్లాడిన 321 మంది శాస్త్రవేత్తల అనుభవాలు సేకరించింది. 15 శాతం మంది చంపుతామన్న బెదిరింపులు వచ్చాయన్నారు. 22 శాతం మంది కొడతామనో, లైంగిక దాడి చేస్తామనో బెదిరించారన్నారు. వాళ్లలో ఎక్కువమంది బయటి దేశాలవాళ్లు, అయినా మన ఊళ్లో నేను వినే భాష కూడా అలాంటిదే. దానికి తోడు మన దగ్గర కులం ఉంది. దళిత అధ్యాపకుడు ఏం రాసినా చర్చ ఆయన రాసినదాని మీద జరగదు, రిజర్వేషన్‌లో వచ్చాడన్న మాట దగ్గరికే వెళ్తుంది. ఇంటర్నెట్‌లో పెట్టిన కులదూషణకు ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తిస్తుందని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. ఆ తీర్పు నా టేబుల్ సొరుగులోనే ఉంటుంది.

అపోహ: ఫేక్ ఐడీని పట్టుకోలేరు.

కొన్నిసార్లు నిజంగానే దొరకడు, కంపెనీ జవాబు ఆలస్యమవుతుంది. కానీ కాలేజీ మీమ్ పేజీల వెనక తరచూ ఉండేది ఆ కాలేజీ పిల్లలో, పాత విద్యార్థులో. నమోదు చేసిన ఫోన్ నంబర్, ఐపీ వివరాలు వచ్చాక వాళ్లను గుర్తించడం అంత కష్టం కాదు.

అపోహ: బయట ఫోన్లలో జరిగింది, కాలేజీకి ఏం సంబంధం? పైగా ఆవిడ గెస్ట్ లెక్చరర్.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. పనిచేసే చోట స్త్రీలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం మాటతో చేసే లైంగిక వేధింపునూ, మాట లేకుండా చేసేదాన్నీ కలిపే చెప్పింది. తెర మీద రాసిన మాట కూడా మాటే. 19వ సెక్షన్ ప్రకారం ఆవిడ పోలీసు ఫిర్యాదు ఇవ్వాలనుకుంటే సాయం చేయడం యాజమాన్యం బాధ్యత. ఉద్యోగి అంటే పర్మినెంట్ వాళ్లే కాదు. తాత్కాలికం, అడ్‌హాక్, రోజుకూలీ, అందరూ వస్తారు. కమిటీకి ఫిర్యాదు మూడు నెలల్లోపు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించగలదు.

గుంటూరు లెక్చరర్ కూడా గెస్ట్ ఫ్యాకల్టీయే. జూన్‌లో కాంట్రాక్టు రెన్యువల్ ఉందని భయపడి ఆవిడ మొదట కాలేజీకి చెప్పలేదు. చివరికి ఫిర్యాదు మీద ఆవిడ పేరుకు తోడు హెచ్.ఓ.డి. (డిపార్ట్‌మెంట్ హెడ్) గారు కూడా సంతకం పెట్టారు. ఆ ఒక్క సంతకంతో ప్రిన్సిపాల్ గదిలో మాట తీరు మారడం నేను అక్కడే కూర్చుని చూశాను. మీ స్టాఫ్‌రూంలో ఇలాంటివాళ్లు ఉంటే ఆ రెండో సంతకం మీరు పెట్టండి. కమిటీ వేసిన ఉత్తర్వు కాలేజీలో అందరికీ కనిపించేచోట అతికించాలని చట్టంలోనే ఉంది. అందులో బయటి సభ్యురాలి పేరు ఉంటుంది. కాలేజీలో ఎవరికీ చెప్పుకోలేకపోతే ముందు ఆవిడకు ఫోన్ చేయండి.