‘మిగులు’ నీళ్లు ఎన్ని రోజులుంటాయి? బేసిన్ల మధ్య నీటి మళ్లింపు: అపోహలు - వాస్తవాలు

ఒక నది బేసిన్ (పరీవాహక ప్రాంతం) నుంచి మరో బేసిన్‌కు నీళ్లు మళ్లించే ప్రాజెక్టులకు హైడ్రాలజీ లెక్కలు, అంటే నదిలో ఎప్పుడు ఎంత నీరు వస్తుందన్న లెక్కలు కట్టడం నా పని. మెట్ట ప్రాంతంలో ఎక్కడ సభ పెట్టినా మొదట లేచేది ఒకటే ప్రశ్న: “ఏటా వందల టీఎంసీలు సముద్రంపాలు అవుతుంటే మాకు ఒక్క వంద ఇవ్వలేరా?” (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు.)

అపోహ: సముద్రంలోకి పోయేదంతా మళ్లించుకోగల నీరే.

వాస్తవం: ఏడాది మొత్తం అంకె పక్కన పెట్టి రోజువారీ ప్రవాహాలు చూడండి. నదికి పది లక్షల క్యూసెక్కుల (సెకనుకు అన్ని ఘనపుటడుగుల) వరద వచ్చిన రోజు 86 టీఎంసీలు కిందికి పోతాయి. ఆ రోజు 23 వేల క్యూసెక్కుల కాలువ (చాలా పెద్ద కాలువే అది) నిండుగా పారినా లాగేది రెండు టీఎంసీలు. కాలువను రెట్టింపు చేస్తే నాలుగు. అంత నీటిని దింపుకునే రిజర్వాయర్ కూడా అవతల ఉండాలి. వరద తీశాక కింది ఆయకట్టు, తాగునీరు, నదిలో ఉంచాల్సిన కనీస ప్రవాహం పోగా కాలువకు మిగిలేది ఎంతో మీరే ఊహించుకోండి.

అందుకే నేను ముందు రోజులు లెక్కపెడతాను. రోజుకు రెండు చొప్పున వంద టీఎంసీలు రావాలంటే యాభై రోజుల మిగులు ఉండాలి. వానలు ముఖం చాటేసిన ఏడాది అది పదిహేనో ఇరవయ్యో అవుతుంది. ఇచ్చే బేసిన్, పుచ్చుకునే బేసిన్ ఒకే రుతుపవనం మీద బతికేవైతే కరువు కూడా రెండింటికీ ఒకేసారి వస్తుంది. సగటు అంకెలో ఇదేదీ కనిపించదు. నాలుగైదు పెద్ద వరద ఏళ్లు సగటును ఎక్కడికో ఎత్తేస్తాయి. 75 శాతం డిపెండబిలిటీ మీద, అంటే నాలుగేళ్లలో మూడేళ్లయినా నమ్మకంగా వచ్చే నీరు ఎంతో అడగండి.

అమెరికాలో కొలరాడో నదిని 1922లో రాష్ట్రాలు పంచుకున్నప్పుడు వానలు బాగా పడిన ఏళ్ల రికార్డు చూసి ఎగువకు, దిగువకు ఏటా చెరో 75 లక్షల ఎకరా అడుగులు (ఎకరా అడుగు అంటే ఎకరంలో అడుగు లోతు నీరు) రాసేసుకున్నారు. నది అంత ఇవ్వలేదు. కోత ఎవరికి పెట్టాలన్న తగవు శతాబ్దం దాటినా తెగలేదు. స్పెయిన్‌లో తాహో నది నీళ్లను సెగురా బేసిన్‌కు మళ్లించే, 1979లో మొదలైన తాహో-సెగురా కాలువదీ అదే దారి. ఏటా 60 కోట్ల ఘనపు మీటర్లన్నారు. సగటున అందింది సగానికి కాస్త పైన. ఈలోగా రైతులు నీళ్లను నమ్మి సాగు పెంచేశారు, తగ్గినదాన్ని బోర్లతో తోడుకున్నారు, భూగర్భ జలాలు పాతాళానికి దిగాయి.

మా దగ్గర ఒక కాలువకు సర్వే రాళ్లు పాతిన కొత్తల్లో ఒక పెద్దాయన వచ్చి, “అప్పు దొరుకుతోంది బాబూ, పండ్ల తోట పెట్టేద్దామా?” అన్నాడు. “కాలువ పారేదాకా మీ బోరు ఎన్ని మొక్కల్ని బతికిస్తుందో అన్నే పెట్టండి పెద్దాయనా” అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. ఎండిన బోర్లు చూసినవాడికి సర్వే రాయి కూడా ఆశే, ఆయన్నేమీ అనలేను. “వచ్చే సీజన్‌కే నీళ్లు” అని వాట్సాప్‌లో తిప్పి, కాలువ పక్క భూమి అంటూ రేట్లు పెంచేవాళ్లను చూస్తేనే ఒళ్లు మండుతుంది. డీపీఆర్ (ప్రాజెక్టు సమగ్ర నివేదిక) తర్వాత అనుమతులున్నాయి, భూసేకరణ ఉంది, పంప్‌హౌస్‌లున్నాయి. ప్రధాన కాలువ పారుతున్నా పిల్లకాలువలు తవ్వక పొలం ఎండే ఊళ్లూ ఉన్నాయి.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

సముద్రంలో కలిసేది వృథా అంటారు. కొంత కలవకపోతే ఉప్పునీరు పైకి ఎగదన్నుతుంది, ఒండ్రు అందక డెల్టా కోతకు గురవుతుంది.

నీళ్లొస్తే వరే అంటారు. ఒక టీఎంసీ అంటే సుమారు 23 వేల ఎకరాల్లో అడుగు లోతు నీరు. ఆరుతడి లెక్కతో కట్టిన కాలువ మీద ఎగువవాళ్లు వరి వేస్తే చివరి ఆయకట్టుకు చుక్క రాదు.

ఎత్తిపోతలకు ఖర్చు ఒకసారే అంటారు. ఒక టీఎంసీని వంద మీటర్లు ఎత్తడానికి పంపుల నష్టాలతో కలిపి కోటి యూనిట్ల దాకా కరెంటు కావాలి. ఆ బిల్లు ఏటా వస్తుంది. ఎవరు కడతారో డీపీఆర్‌లో వెతకండి.